పేరు మార్చడం మరిచిపోయిన ఒక వేరియబుల్

ఆ ఈమెయిల్ వచ్చేసరికి నేను కుక్కర్‌లోకి బియ్యం కడిగి పోస్తున్నాను. మంగళవారం వంట నా వంతు. తడి చేత్తోనే ఫోను తీసి చూశాను. ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే ప్రొఫెసర్ నుంచి రెండే వాక్యాలు: మూడో అసైన్‌మెంట్ గురించి మాట్లాడాలి, గురువారం మూడింటికి నా గదికి రాగలవా అని. మెచ్చుకోవడానికి పిలుస్తున్నారేమో అని ఒక్క క్షణం అనిపించిన మాట దాచను. ఆ అసైన్‌మెంట్ నేను బాగా చేశాను, పదకొండు రాత్రులు కూర్చుని చేశాను.

అంతలో పక్క గదిలోంచి రూమ్మేట్ ఫోను పట్టుకుని వచ్చాడు. వాడి ముఖం చూడగానే నాకు అర్థమైపోయింది. వాడికీ అదే ఈమెయిల్. సమయం మాత్రం మూడున్నర.

మేమిద్దరం 2022 ఆగస్టులో ఒకే విమానంలో అమెరికా వచ్చాం. వాడిది వరంగల్, మాది తెనాలి. ఎంఎస్‌కి ఒకే విశ్వవిద్యాలయం, ఒకే విభాగం. ఊరూ పేరూ చెప్పనవసరం లేదు, చలి బాగా ఎక్కువగా ఉండే చోటు అంటే చాలు. మూడో అసైన్‌మెంట్ వచ్చింది 2023 ఫిబ్రవరిలో. అప్పటికి చాట్‌జీపీటీ వచ్చి మూడు నెలలు. దాన్ని వాడితే ఏమవుతుందోనని తరగతి అంతా గుసగుసలాడుకుంటున్న రోజులు. మేమిద్దరం దొరికింది మాత్రం తాతల నాటి పద్ధతిలో, ఒకడి పుస్తకం చూసి ఇంకొకడు రాసి.

చేయవలసిన పని ఇది. కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రాం అయినా తనకు కొంత మెమరీ కావాలని అడుగుతుంది. అడిగినంత ముక్క కోసి ఇవ్వాలి, ప్రతి ముక్క ముందూ దాని వివరాలు రాసుకునే 'హెడర్'కు చోటు తీయాలి, మిగిలిన ముక్కను జాగ్రత్తగా లెక్కలో పెట్టుకోవాలి, వాడకం అయిపోయాక తిరిగి తీసుకుని పక్కనున్న ఖాళీ ముక్కలతో అతకాలి. వినడానికి బట్టల దుకాణంలో తానులోంచి జాకెట్టు ముక్క కోసినంత తేలికగా ఉంటుంది. రాయడం మొదలుపెడితే ఒక్క బైటు తేడా వచ్చినా మొత్తం కుప్పకూలుతుంది. నాది తొమ్మిదో రాత్రి నిలబడింది. మిగతా రెండు రాత్రులూ మెరుగులు దిద్దుకున్నాను.

వాడిది నిలబడలేదు. ఆ వారమే వరంగల్‌లో వాళ్ల అమ్మగారిని ఆసుపత్రిలో చేర్చారు. వాడు రాత్రంతా ఫోనులో ఉండేవాడు. గడువు మర్నాడు అర్ధరాత్రి అనగా, ముందు రోజు పదకొండింటికి నా గుమ్మంలో నిలబడి, "ఒక్కసారి నీది చూస్తానురా. ఎక్కడ తప్పుతోందో తెలిస్తే చాలు, చూసి తీసేస్తాను" అన్నాడు. నేను ఆలోచించలేదు. తల ఎత్తకుండానే ఫైలును వాట్సాప్‌లో పంపాను.

ఆలోచించలేదని ఎందుకు అంటున్నానంటే, అందులో ఆలోచించడానికి ఏదో ఉందని నాకు తోచనే లేదు. బీటెక్ నాలుగేళ్లూ మా హాస్టల్లో ఒకడు రికార్డు రాస్తే వింగ్ అంతా రాసుకునేది. అవుట్‌పుట్ ఒకడికి వస్తే అందరికీ వచ్చినట్టే. ల్యాబ్‌లో సార్లే "టైము లేదు, ఎవరిదైనా చూసి పూర్తి చేసేయండి" అనేవారు. ఫైనలియర్ ప్రాజెక్టులు అమీర్‌పేటలో దొరుకుతాయని తెలియని విద్యార్థి హైదరాబాద్‌లో ఉండడు. వాటితో వైవా పాసైనవాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. మా దృష్టిలో మాల్‌ప్రాక్టీస్ అంటే పరీక్ష హాలులో చిట్టీతో దొరకడం. స్క్వాడ్ రావడం, బుక్ చేయడం, చిట్టీ జేబులో ఉంటే ఆ ఒక్క పేపరు పోవడం, చూసి రాస్తూ దొరికితే ఆ సెమిస్టర్ పేపర్లన్నీ పోవడం. అది తప్పని అందరికీ తెలుసు, అందరం భయపడేవాళ్లం. రికార్డు ఇవ్వడం మాత్రం మంచితనం. ఇవ్వనివాడికి హాస్టల్లో ఒక పేరు ఉండేది, ఇక్కడ రాయలేను.

గురువారం మూడింటికి వెళ్లాను. ప్రొఫెసర్ బల్ల మీద రెండు కాగితాల కట్టలు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. కొన్ని వరుసలకు రంగు పూసి ఉంది. ఈ రెండు ప్రోగ్రాములూ 62 శాతం కలిశాయని 'మాస్' చెప్పింది అన్నారు.

మాస్ గురించి నేను తర్వాత చదువుకున్నాను. ముందే చదివి ఉంటే వాడైనా ఆ రాత్రి నిద్రపోయి ఉండేవాడు. ఒకరి ప్రోగ్రాం ఇంకొకరిదానితో ఎంత కలుస్తోందో చూపే సాఫ్ట్‌వేర్ అది, అలెక్స్ ఐకెన్ అనే ఆచార్యుడు 1994లో తయారు చేశాడు. దాని లోపల వాడే 'విన్నోయింగ్' అనే పద్ధతి మీద 2003లో పత్రం వచ్చింది. విన్నోయింగ్ అంటే మన తూర్పారబట్టడమే, గింజనూ పొట్టునూ వేరు చేయడం. వేరియబుల్ పేర్లు (విలువలు దాచుకునే చోట్లకు మనం పెట్టుకునే పేర్లు), ఖాళీలు, వ్యాఖ్యలు, అవన్నీ దాని లెక్కలో పొట్టు. వాటిని పక్కన పెట్టి ప్రోగ్రాంను చిన్న చిన్న తునకలుగా చేస్తుంది, ప్రతి తునకకూ ఒక సంఖ్య ఇస్తుంది, అందులో కొన్నిటిని వేలిముద్రల్లా దాచి, తరగతిలో అందరి వేలిముద్రలతో పోలుస్తుంది. అంటే మా రూమ్మేట్ ఆ రాత్రి మూడు గంటలు కూర్చుని పేర్లన్నీ మార్చాడే, ఆ శ్రమ అంతా పొట్టు మీద పెట్టిన శ్రమ.

"ఇద్దరూ కలిసి చేశారా?" అని అడిగారు. గొంతులో కోపం లేదు.

"బోర్డు మీద పద్ధతి చర్చించుకున్నాం. ప్రోగ్రాం ఎవరిది వాళ్లమే రాసుకున్నాం" అన్నాను.

ఈ మాట నేను ముందుగా అనుకుని వెళ్లింది కాదు. అయినా ఎప్పటినుంచో నోట్లో సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది. ఆయన ఏదో రాసుకున్నారు. తర్వాత వాడి కాగితాల మీద ఒక మాట దగ్గర వేలు పెట్టి నా వైపు తిప్పారు. "ఇదేమిటో చెప్పగలవా? మి... గి... లిండి?"

మిగిలింది. ముక్క కోశాక ఎంత మిగిలిందో దాచుకునే వేరియబుల్. అర్ధరాత్రి దాటాక నాకు ఇంగ్లీషు పేర్లు తట్టవు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట పెట్టేస్తాను. వాడు నలభై పేర్లు మార్చాడు, దీన్ని మాత్రం మార్చలేదు. తర్వాత అడిగితే, అది నీ మాటలా కనిపించలేదురా, మామూలు మాటలా కనిపించింది అన్నాడు. నిజమే. తెలుగువాడి కంటికి అది అడ్డం రాదు. ఆ తరగతిలో ఇంకెవరి కంటికైనా వస్తుంది.

"నా భాషలో మాట" అన్నాను. అర్థం చెప్పాను.

"మీ మిత్రుడి భాష కూడా అదేనా?"

"అవును."

ఆయన కాసేపు ఊరుకున్నారు. రెండింట్లోనూ ఒకే తప్పు కూడా ఉందనీ, ప్రోగ్రాంను నడిపి చూసే పరీక్షలకు దొరకని తప్పు అనీ, అది ఏమిటో ఇప్పుడు చెప్పననీ అన్నారు. ఒప్పు ఇద్దరికి ఒకేలా రావచ్చు గానీ ఆ తప్పు ఇద్దరికి విడివిడిగా రావడం కష్టం అన్నారు. ఇలాంటివి తాను తేల్చకూడదట, ఆఫీసుకు పంపడం తప్పనిసరట. నేను లేచి తలుపు దాకా వెళ్లాక, "నీ ప్రోగ్రాం బాగుంది" అన్నారు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

వారం తర్వాత విద్యార్థుల క్రమశిక్షణ చూసే ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వాడి మీద ఒక ఆరోపణ: ఇతరుల పనిని తనదిగా సమర్పించడం. నా మీద రెండు. ఒకటి, అనుమతి లేకుండా నా పనిని ఇంకొకరికి ఇవ్వడం. రెండోది, విచారిస్తున్న అధ్యాపకుడికి అబద్ధం చెప్పడం. మూడున్నరకు వెళ్లిన మా వాడు, నేను చెప్పింది తెలియక, అడిగిన వెంటనే ఒప్పేసుకున్నాడు మరి. కాపీ చేసినవాడికి ఒకటి, ఇచ్చినవాడికి రెండు! ఆ రాత్రి వాడి మీద అరిచాను. ఎందుకు అరిచానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది, నిజం చెప్పినందుకు అరిచాను.

జవాబివ్వడానికి అయిదు పనిదినాలు. ఒప్పుకుంటే నేరుగా శిక్ష గురించి మాట్లాడతారు. కాదంటే విచారణ. అక్కడ కోర్టులోలా అనుమానానికి తావులేని రుజువు అక్కర్లేదు, జరిగి ఉండే అవకాశమే ఎక్కువ అని తేలితే చాలు. వెంట ఒకరిని తీసుకుపోవచ్చు, కానీ మాట్లాడవలసింది మనమే.

ఆ అయిదు రోజుల్లో మా ఇల్లు రచ్చబండ అయింది. సీనియర్లు, సీనియర్ల సీనియర్లు. లాప్‌టాప్ తెరిచి నిద్రపోయానని చెప్పు అన్నాడు ఒకడు. ఇంటర్నెట్‌లో ఎక్కడో దొరికిందని ఇద్దరూ చెప్పండి అన్నాడు ఇంకొకడు. చివరికి మా వాడే ఒక మాట అన్నాడు. "నువ్వు నిద్రపోతుంటే నీ లాప్‌టాప్‌లోంచి నేనే తీసుకున్నానని రాసిస్తాను. నాకు ఎలాగూ ఎఫ్ వస్తుంది. నువ్వైనా బయటపడు."

ఒక పూటంతా దాని గురించి ఆలోచించాను. ఆలోచించనే లేదని రాసుకోవచ్చు, కానీ ఆలోచించాను. వాట్సాప్‌లో పంపిన ఫైలును ఇద్దరి ఫోన్లలోంచీ తుడిచేస్తే సరిపోతుందా అని కూడా లెక్కలు వేశాను.

హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్న మా అక్కకు ఫోను చేశాను. ముందు నవ్వింది. మన దగ్గర కూడా 2018లో యూజీసీ నిబంధనలు పెట్టిందిరా అంది. థీసిస్‌లో పోలిక 10 శాతం దాటితే తిరగరాసి ఇవ్వాలి, 40 దాటితే ఏడాది దాకా తిరిగి సమర్పించనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. "నీ 62కి ఇక్కడైతే ఇంటికే పంపించేవాళ్లు" అంది. ప్రోగ్రాంకూ థీసిస్‌కూ పోలిక లేదని వాదించాను. అక్క వాదించలేదు. "ఫైలు ఇచ్చావు, సరే. ఆయన అడిగినప్పుడు అబద్ధం ఎందుకు చెప్పావు? ఆ పిల్లవాడు నిజం చెప్పాడుగా, నీకేమైంది?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఫోను పెట్టేశాక కూడా దొరకలేదు.

నాన్నకు చెప్పక తప్పలేదు, కడుతున్నది ఆయన తెచ్చిన అప్పు. చదువు ఖర్చుకు పొలం కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కడ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ ప్రొఫెసర్ గారికి ఒక మాట చెప్పిస్తే?" అన్నారు. పోనీ నేనే ఆయనతో మాట్లాడతాను, నంబరు ఇమ్మన్నారు. 1974 నుంచి ఫెర్పా అనే చట్టం ఉందనీ, నేను రాసివ్వనిదే నా మార్కులూ గొడవలూ కన్నతండ్రికి కూడా చెప్పరనీ వివరించాను. "ఫీజు కట్టేది నేను గదరా" అన్నారు. దానికీ జవాబు లేదు.

అసలు భయం వీసా. విదేశీ విద్యార్థుల ఆఫీసుకు వెళ్లి, అన్నీ స్నేహితుడి సంగతిగా అడిగాను. అక్కడి సలహాదారు నా ముఖం చూస్తూనే, ఆ స్నేహితుడికే చెబుతున్నట్టు ఓపికగా చెప్పింది. ఒక కోర్సులో ఎఫ్ గ్రేడు వచ్చినంత మాత్రాన ఎఫ్-1 విద్యార్థి హోదా పోదు. సస్పెండ్ చేస్తే మాత్రం విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేసు సెవిస్‌లో రికార్డు ముగించక తప్పదు. చదువు పూర్తి చేసినవాళ్లకు దేశం వదలడానికి 60 రోజులు ఉంటాయి, అనుమతి తీసుకుని మానేసినవాళ్లకు 15. రికార్డు అలా ముగిసిపోయినవాళ్లకు ఒక్క రోజు కూడా లేదు. బయటికొచ్చి బస్‌స్టాపులో కూర్చున్నాను. రెండు బస్సులు వెళ్లిపోయాయి.

అయిదో రోజు రెండు ఆరోపణలూ ఒప్పుకుంటూ రాశాను. ధైర్యంతో రాశానని ఎవరైనా అంటే ఒప్పుకోను. విచారణలో అబద్ధమని తేలితే సస్పెన్షన్ దాకా పోవచ్చన్న లెక్క ఒకటి, ఫోనులో అక్క అడిగిన ప్రశ్న ఒకటి. ఏది ఎంత పని చేసిందో తూకం వేయలేను.

ఒప్పుకున్నా, రెండో ఆరోపణ ఉండడంవల్ల ముగ్గురి ముందు కూర్చోవలసి వచ్చింది. ఇద్దరు అధ్యాపకులు, ఒక విద్యార్థిని. నలభై నిమిషాలు. అధ్యాపకులు తేదీలు అడిగారు. ఆ అమ్మాయి మాత్రం ఒకటి అడిగింది: "ఫైలు పంపకుండా ఆ రాత్రి అతనికి నువ్వు చేయగలిగింది ఏమైనా ఉందా?" అడుగుతున్న తీరులో వెటకారం లేదు. నేను తడబడ్డాను. వాళ్ల అమ్మగారి సంగతి ప్రొఫెసర్‌కు రాస్తే గడువు పెంచేవారని మాకు తెలియదు అన్నాను. కోర్సు వివరాల కాగితంలో మొదటి పేజీలోనే ఉంది అంది ఆమె. ఉంది. మేమే చదవలేదు. ఇంట్లో కష్టం వచ్చిందని సారుకు ఉత్తరం రాసి టైము అడగవచ్చన్నది మా ఇద్దరికీ ఊహకు కూడా రాని సంగతి. ఫైలు అడగడం అంతకంటే తేలిక.

తొమ్మిది రోజులకు ఫలితం వచ్చింది. నాకు ఆ అసైన్‌మెంట్‌లో సున్నా, కోర్సు గ్రేడు ఒక మెట్టు కిందికి, డిగ్రీ అయ్యేదాకా క్రమశిక్షణ ప్రొబేషన్. దాంతో వచ్చే సెమిస్టర్‌కు ఖాయమైన గ్రేడర్ ఉద్యోగం పోయింది, ప్రొబేషన్‌లో ఉన్నవాడి చేత ఇంకొకరి పేపర్లు దిద్దించరు. వారానికి 20 గంటల ఆ జీతంతోనే అద్దె కడదామనుకున్నాను. వీటికి తోడు నిజాయితీ మీద ఆరు వారాల ఆన్‌లైన్ పాఠం. దాని గురించి ఎక్కువ చెప్పను. బొమ్మలు చూసి సరైన జవాబు నొక్కాలి, తప్పు నొక్కితే మళ్లీ నొక్కనిస్తుంది. మూడో వారంలో ఎవరో దాని జవాబులు నాకు పంపబోయారు. వద్దన్నాను, కానీ నవ్వు ఆగలేదు.

వాడికి కోర్సులో ఎఫ్. మొదటి సెమిస్టర్‌లో నాలుగుకు 3.33 ఉన్న గ్రేడ్ల సగటు 2.67కి పడింది. మా దగ్గర 3.0 దాటితేనే డిగ్రీ ఇస్తారు. కోర్సు మళ్లీ చేయాలి, ఫీజు మళ్లీ కట్టాలి, రెండోసారి ఏ వచ్చినా మొదటి ఎఫ్ ట్రాన్‌స్క్రిప్టులో అలాగే ఉంటుంది. ఆ డబ్బు కోసం వాళ్ల అన్నయ్య ఏం చేశాడో వాడు నాకు చెప్పలేదు.

ఇప్పటికీ ఒక విషయంలో నా మనసు ఒప్పుకోలేదని చెప్పాలి. ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఒక్కటే అన్న లెక్క నాకు పూర్తిగా మింగుడు పడలేదు. ఆసుపత్రిలో అమ్మ ఉన్నవాడు గుమ్మంలో నిలబడితే ఇవ్వను పొమ్మనడం నాకు ఈనాటికీ చేతకాదేమో. కానీ ఆ రాత్రి నేను చేసింది సాయమా అంటే, అదీ కాదు. తల ఎత్తి వాడి వైపు కూడా చూడలేదు. పక్కన కూర్చుని ఎక్కడ తప్పుతోందో చూడాలంటే గంట పట్టేది. ఫైలు పంపడానికి నాలుగు సెకన్లు చాలు. నాకు నిద్ర వస్తోంది, అంతే. ఇక అబద్ధం సంగతి వేరు. దానికి వేరే ఆరోపణ పెట్టడంలో అన్యాయం ఉందని మొదట్లో అనుకున్నాను, ఇప్పుడు అనుకోవడం లేదు.

ఆ కోర్సు వసంతంలోనే ఉంటుంది కాబట్టి వాడు 2024లో మళ్లీ చేశాడు. మేమింకా అదే ఇంట్లో ఉన్నాం, మంగళవారం వంట ఇంకా నాదే. మూడో అసైన్‌మెంట్ దాదాపు అదే. ఈసారి మొదటి రోజే మొదలుపెట్టాడు. నేను వాడి గదిలోకి వెళ్లడం మానేశాను. మంచినీళ్లు కావాలన్నా వంటింట్లోంచే పిలిచేవాణ్ణి. పన్నెండో రోజో పదమూడో రోజో, నేను చారు పోపు వేస్తుంటే లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు.

"ఆయన చెప్పనన్న తప్పు ఏమిటో దొరికిందిరా. పోయినసారి మన... నీ ప్రోగ్రాంలో తప్పు."

సున్నా వచ్చాక నేను ఆ ఫైలు మళ్లీ తెరవలేదు. "ఏమిటి?" అన్నాను.

"మిగిలింది లెక్క తప్పు. చూడు..." అంటూ తెర నా వైపు తిప్పబోయి, సగంలో ఆగిపోయాడు. నేనూ గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. వాడు లాప్‌టాప్ మూసి ఫ్రిజ్ మీద పెట్టాడు. సరుకుల రసీదు ఒకటి వెనక్కి తిప్పి, పెన్నుతో ఒక పొడుగాటి డబ్బా గీశాడు.

"ఇదిగో, హెడర్ కోసం ఇక్కడ పదహారు బైట్లు ఒకసారి తీశావు. మళ్లీ ఇక్కడా తీశావు."